రాల్ఫ్ మెట్కాఫ్: చివరి మీటర్లలో గెలిచిన మనిషి

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికలో చాలామంది మన గురువుల గురించి, మన మైదానం గురించి, ఇంటర్వెల్లో గేటు దగ్గర కొనుక్కున్న రేగుపళ్ల గురించి రాస్తారని తెలుసు. నన్ను మాత్రం సంపాదకవర్గం ఒక క్రీడాకారుడి జీవితం రాయమంది. స్కూల్లో వంద, రెండు వందల మీటర్లు పరిగెత్తినవాణ్ని కాబట్టి కాబోలు. జెస్సీ ఓవెన్స్ గురించో, మిల్ఖా సింగ్ గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. నేను ఎంచుకున్నది బెర్లిన్‌లో ఓవెన్స్ వెనకాల రెండో స్థానంలో నిలిచిన మనిషిని. ఆయన పేరు రాల్ఫ్ మెట్కాఫ్. పరుగుల్లో ప్రపంచ ప్రసిద్ధుడై, తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి, అమెరికా పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే కన్నుమూశారు.

ఆయన 1910లో అమెరికా దక్షిణ రాష్ట్రమైన జార్జియాలో, అట్లాంటా నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. ఆ రోజుల్లో దక్షిణాది నల్లవాళ్లు వివక్ష భరించలేక, పని వెతుక్కుంటూ రైళ్లెక్కి ఉత్తరాదికి తరలిపోతున్నారు. మెట్కాఫ్ కుటుంబం కూడా అలాగే షికాగో చేరింది. జిల్లాల నుంచి రైలెక్కి వచ్చి, ఇక్కడి గల్లీల్లో గది అద్దెకు తీసుకుని స్థిరపడ్డ కుటుంబాలు మన సికింద్రాబాద్‌లో ఎన్నో ఉన్నాయి. మనలో చాలామంది తండ్రులో తాతలో అలా వచ్చినవాళ్లే. షికాగో దక్షిణ భాగంలోని నల్లవాళ్ల పేటల్ని మనం కొంతైనా ఊహించుకోగలం.

అక్కడి టిల్డెన్ టెక్నికల్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు కోచ్ ఆయనకు ఒక మాట నేర్పారు. నువ్వు నల్లవాడివి, నీకూ నీ వెనక వచ్చేవాడికీ నడుమ వెలుగు కనిపించేంత దూరం ఉండాలి, లేకపోతే గెలిచినా గెలిచావని ఒప్పుకోరు అన్నది ఆ మాటల సారం. ఆ హెచ్చరికను మెట్కాఫ్ జీవితమంతా గుర్తుపెట్టుకున్నారు.

ఆయన పొడగరి, బలశాలి. కానీ పరుగు మొదలుపెట్టడంలో నిదానం. ఇప్పటిలా కాళ్లు ఆన్చుకునే స్టార్టింగ్ బ్లాకులు అప్పటి ఒలింపిక్స్‌లో లేవు. చిన్న తాపీలాంటి పనిముట్టుతో ట్రాకులో గుంటలు తవ్వుకుని, వాటిలో కాలి మునివేళ్లు ఆనించి బయలుదేరేవారు. మన ఎర్రమట్టి మైదానంలో మడమలతో గుంటలు చేసుకుని పరిగెత్తినవాళ్లకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మొదటి ముప్పై మీటర్లలో వెనకబడి, చివరి ముప్పై మీటర్లలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ రావడం మెట్కాఫ్ పద్ధతి. మిల్వాకీలోని మార్క్వెట్ యూనివర్సిటీ విద్యార్థిగా 1932 నుంచి 1934 వరకు వరుసగా మూడేళ్లు అమెరికా కాలేజీల పోటీల్లో రెండు స్ప్రింటు పరుగులూ గెలిచారు. వంద మీటర్లలో 10.3 సెకన్ల ప్రపంచ రికార్డును ఒకటికి మించి సార్లు సమం చేశారు.

1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగాయి. వంద మీటర్ల ఫైనల్లో ఆయనా, మరో నల్లజాతి అమెరికన్ ఎడ్డీ టోలన్ దాదాపు ఒకేసారి గీత దాటారు. ఇద్దరికీ నమోదైన సమయం 10.3 సెకన్లే. న్యాయనిర్ణేతలు ఫిలిం చూసి చూసి చివరికి స్వర్ణం టోలన్‌కు, రజతం మెట్కాఫ్‌కు ఇచ్చారు. ఆ పరుగులో తాను ఓడిపోయానని మెట్కాఫ్ ఎన్నడూ నమ్మలేదు.

రెండు వందల మీటర్లలో జరిగింది ఇంకా విచిత్రం. ఆ పరుగు వంపులో మొదలవుతుంది. బయటి లేన్‌లో దూరం ఎక్కువ కాబట్టి ఒక్కో లేన్‌కు బయలుదేరే గీతను కాస్త కాస్త ముందుకు జరుపుతూ గీయాలి. మన పీఈటీ సార్లు మేకు పాతి, తాడు లాగి, సున్నంతో ఆ గీతలు గీయడం మనందరం చూశాం. కొలతలో ఒక్క పొరపాటు పడితే పరుగు మొదలవకముందే ఒకడికి అన్యాయం జరిగిపోతుంది. ఆ ఫైనల్లో మెట్కాఫ్ బయలుదేరిన చోటు, ఉండాల్సిన దానికంటే మీటరుకు పైగా వెనక పడిందని తర్వాత బయటపడింది. ఆయనకు కాంస్యం వచ్చింది. మళ్లీ పరిగెత్తే అవకాశం ఉన్నా ఆయన అడగలేదు. మొదటి మూడు స్థానాలూ అమెరికాకే వచ్చాయి, మళ్లీ పరిగెత్తితే జట్టు ఒక పతకం పోగొట్టుకోవచ్చని మిన్నకున్నారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు.

నాలుగేళ్ల తర్వాత బెర్లిన్. ధ్యాన్‌చంద్ నాయకత్వంలో మన హాకీ జట్టు ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించిన ఒలింపిక్స్ అవే. ఆర్యజాతి గొప్పదని ప్రపంచానికి చాటాలని హిట్లర్ ఏర్పాట్లు చేసుకున్న ఆ స్టేడియంలో, వంద మీటర్లలో మొదటి రెండు స్థానాలూ నల్లవాళ్లవే అయ్యాయి. ఓవెన్స్‌కు 10.3 సెకన్లు, మెట్కాఫ్‌కు 10.4. ఎప్పటిలాగే వెనక నుంచి వచ్చి, ఓవెన్స్‌ను మాత్రం అందుకోలేకపోయారు.

మెట్కాఫ్ ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే, అది 4×100 మీటర్ల రిలేలో వచ్చింది. ఆ పతకం వెనక ఒక మచ్చ ఉంది. రిలే కోసం సాధన చేసిన నలుగురిలో మార్టీ గ్లిక్‌మన్, శామ్ స్టోలర్ అనే ఇద్దరు యూదు యువకులు ఉన్నారు. పోటీ రోజున కోచ్‌లు వాళ్లిద్దరినీ తప్పించి ఓవెన్స్‌నూ మెట్కాఫ్‌నూ చేర్చారు. ఓవెన్స్ అభ్యంతరం చెప్పబోతే, చెప్పినట్టు చెయ్యమని నోరు మూయించారు. మెట్కాఫ్ కూడా చెప్పిన చోట నిలబడి పరిగెత్తారు. 39.8 సెకన్ల ఆ రికార్డు ఇరవై ఏళ్లు నిలిచింది. ఆ ఇద్దరు కుర్రాళ్లు స్టాండ్స్‌లో కూర్చుని చూశారు.

పరుగులు ముగిశాక మెట్కాఫ్ కీర్తిని పట్టుకు వేళ్లాడలేదు. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీలో వ్యాయామ విద్యలో ఎం.ఏ. చేశారు. న్యూ ఆర్లీన్స్‌లోని జేవియర్ యూనివర్సిటీలో కోచ్‌గా ఉంటూ రాజనీతి శాస్త్రం బోధించారు. అంటే ఆయన మన ఉపాధ్యాయుల వర్గానికి కూడా చెందినవారే. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి, సైనికుల వ్యాయామ శిక్షణ పద్ధతిని రూపొందించినందుకు పతకం అందుకున్నారు. తర్వాత షికాగో తిరిగివచ్చి మానవ సంబంధాల కమిషన్‌లో పౌరహక్కుల విభాగం చూశారు.

1955లో ఆయన షికాగో నగరపాలక మండలికి మూడో వార్డు నుంచి ఎన్నికయ్యారు. మన భాషలో చెప్పాలంటే కార్పొరేటర్. అదే ఏడాది రిచర్డ్ డేలీ మేయరయ్యారు. డేలీ నడిపిన పార్టీ యంత్రం ఎలా పనిచేసేదో చెప్పుకుంటే తప్ప మెట్కాఫ్ కథ అర్థం కాదు. ప్రతి వార్డులో వీధి వీధికీ పార్టీ మనుషులుండేవారు. నగరపాలక ఉద్యోగాలు, చెత్త బండి, వీధి దీపం, పోలీసు స్టేషన్లో చిన్న సాయం, అన్నీ వాళ్ల చేతుల మీదుగానే జరిగేవి. బదులుగా ఓట్లు పడాలి. సభలో చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తాలి, దించమన్నప్పుడు దించాలి. ఇటువంటి ఏర్పాటు మన ఊళ్లవాళ్లకు పూర్తిగా కొత్తదేం కాదు.

మెట్కాఫ్ పదిహేడేళ్లు ఆ యంత్రానికి విధేయుడిగా ఉన్నారు. నల్లవాళ్ల పిల్లల బళ్లు కిక్కిరిసిపోయినా, ఇళ్ల విషయంలో వివక్ష సాగినా, సభలోని నల్లజాతి సభ్యులు మేయర్‌ను ఎదిరించి మాట్లాడలేదు. మౌనంగా ఉండే ఆ ఆరుగురినీ జనం ఎగతాళిగా మూగ ఆరుగురు అని పిలిచేవారు. ఆ ఆరుగురిలో మెట్కాఫ్ ఒకరు. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ షికాగో వచ్చి ఉద్యమం నడిపినప్పుడు కూడా ఆయన మేయర్ పక్షమే వహించారు. విధేయతకు ఫలితం దక్కింది. 1970లో పార్టీ టికెట్‌పై అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. నల్లజాతి సభ్యులు కలిసి 1971లో ఏర్పరచుకున్న కాంగ్రెషనల్ బ్లాక్ కాకస్ స్థాపకుల్లో ఒకరయ్యారు.

1972 వసంతంలో పరిస్థితి మారింది. ఆయన నియోజకవర్గంలో పేరున్న ఇద్దరు నల్లజాతి దంతవైద్యులు వేర్వేరుగా పోలీసుల చేతిలో దెబ్బతిన్నారు. ఒకరిని కారు వెనక నంబర్ ప్లేటు దీపం వెలగలేదన్న మిషతో ఆపి అవమానించారు. రెండో ఆయనకు కారు నడుపుతుండగా పక్షవాతం వచ్చింది. పోలీసులు తాగి ఉన్నాడనుకుని వైద్యం చేయించకుండా లాకప్‌లో పడేశారు. ఆయన కోలుకోలేదు, తర్వాత చనిపోయారు.

మెట్కాఫ్ మేయర్‌ను దక్షిణ షికాగోలోని తన ఆఫీసుకు వచ్చి మాట్లాడమన్నారు. డేలీ రాలేదు. అరవై రెండో ఏట మెట్కాఫ్ యంత్రం నుంచి బయటికొచ్చారు. పోలీసుల దౌర్జన్యం మీద బహిరంగ విచారణలు జరిపి, బాధితులను ఒక్కొక్కరిగా పిలిచి మాట్లాడించి, నివేదిక ప్రచురించారు. 1969లో ఫ్రెడ్ హాంప్టన్ అనే నల్లజాతి యువనేత నిద్రలోనే హతమైన పోలీసు దాడికి బాధ్యుడైన ప్రాసిక్యూటర్ ఎడ్వర్డ్ హన్రహాన్ 1972లో సొంత పార్టీ అభ్యర్థిగా నిలబడితే, మెట్కాఫ్ వ్యతిరేకించారు. నల్లవాళ్లు పార్టీ గీత దాటి ఓటేశారు. హన్రహాన్ ఓడిపోయారు.

డేలీ ఊరుకోలేదు. వార్డులో మెట్కాఫ్ చేతి మీదుగా పంచే ఉద్యోగాలన్నీ లాగేసుకున్నారు. 1976లో పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఆయన మీద సొంత అభ్యర్థిని నిలబెట్టారు. మెట్కాఫ్ భారీ తేడాతో గెలిచారు. ఈసారి వెనక వచ్చేవాడికీ ఆయనకూ నడుమ బోలెడంత వెలుగు ఉంది. 1978 అక్టోబర్ 10న గుండెపోటుతో పోయేనాటికి మరో ఎన్నిక నెల రోజుల దూరంలో ఉంది. మూడో వార్డులో ఆయన దగ్గర రాజకీయం నేర్చుకున్న హెరాల్డ్ వాషింగ్టన్ తర్వాత అదే స్థానం నుంచి పార్లమెంటుకు వెళ్లి, 1983లో షికాగో మొదటి నల్లజాతి మేయరయ్యారు. షికాగోలో ఒక కేంద్ర ప్రభుత్వ భవనం నేటికీ మెట్కాఫ్ పేరుతో ఉంది.

ఈ జీవితం నన్ను ఆకట్టుకున్నది పతకాల వల్ల కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఆయన మౌనం గొప్పది, ఎందుకంటే నష్టపోయింది ఆయనే. బెర్లిన్‌లో మౌనానికి మూల్యం చెల్లించింది మరో ఇద్దరు. షికాగోలో చెల్లించింది ఒక పేట పేటంతా. మౌనం అదే, మనిషీ ఆయనే, నష్టం ఎవరిదన్నదే తేడా. జట్టు కోసం సర్దుకుపోవడం మంచి గుణమని మనం బడిలో నేర్చుకున్నాం, నేర్పుతున్నాం. నష్టం పక్కవాడిదైనప్పుడు సర్దుకుపోవడానికి మనకు హక్కు లేదన్న రెండో సగం మాత్రం ఏ టైంటేబుల్లోనూ ఉండదు. మెట్కాఫ్ దాన్ని నేర్చుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది. మొదట్లో వెనకబడి, చివర్లో అందుకోవడం ఆయన పద్ధతే కదా.

అందుకే మన బడిలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు ఒక పాత విద్యార్థిగా చిన్న మనవి. రాబోయే ఆటల పోటీల్లో రెండు వందల మీటర్ల దగ్గర ఎవరైనా పిల్లో పిల్లవాడో చెయ్యెత్తి, సార్, పక్క లేన్ గీత వెనక పడింది అంటే, నీకెందుకు నీ లేన్ చూసుకో అనకండి. విజిల్ జేబులో పెట్టుకుని, టేపు తెప్పించి, మళ్లీ కొలవండి. పోటీ పది నిమిషాలు ఆలస్యమైతే కానివ్వండి.