ప్రాణశక్తి గుట్టు తెలిపిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు

గర్భిణులకు ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర ఒకటి. బోదకాలు ప్రబలిన జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర మరొకటి. కీళ్లవాతంతో బాధపడేవారికి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలని వైద్యులు రాసిచ్చే మెథోట్రెక్సేట్ ఇంకొకటి. పైకి చూస్తే ఈ మూడు మందులకూ ఏ సంబంధమూ కనిపించదు. వాటి పుట్టుక వెతుక్కుంటూ వెళితే మాత్రం అమెరికాలోని ఒకే పరిశోధనశాల, దానికి సారథ్యం వహించిన ఒకే తెలుగు శాస్త్రవేత్త ఎదురవుతారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

అంతకు ముందే ఆయన మరో ఘనకార్యంలో భాగస్వామి అయ్యారు. జీవకణం తన పనులన్నింటికీ ఖర్చుపెట్టే శక్తి ఏ రూపంలో ఉంటుందో తెలిపిన పరిశోధన అది. అయినా ఆయన కన్నుమూసిన నాటికి స్వదేశంలో ఆ పేరు విన్నవారు తక్కువ, అమెరికాలోనూ తక్కువే.

మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన ఒకరు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. చదువు మీద మనసు నిలవక, పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరారని, పెద్దలు దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకువచ్చారని జీవిత చరిత్రకారులు రాశారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యసించాలన్న కోరిక తీరలేదు. రోగులకు సేవ చేసే మార్గం మాత్రం తెరిచే ఉంది. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. వైద్య విద్యకు అయ్యే ఖర్చులో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేయందించారు.

అవి స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంటున్న రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరయ్యారు. ఆంగ్లేయుడైన ఆచార్యుడికి అది నచ్చలేదు. రాతపరీక్షల్లో మంచి మార్కులే వచ్చినా సుబ్బారావుకు పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ తేడా ఆయనను సముద్రాలు దాటిన తర్వాత కూడా వెంటాడింది.

ఇద్దరు సోదరులను బలిగొన్న వ్యాధి

ఆ రోజుల్లోనే కుటుంబం మీద పిడుగు పడింది. రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. తిన్న ఆహారంలోని పోషకాలను పేగు గ్రహించలేకపోవడం ఈ జబ్బు లక్షణం. విరేచనాలతో మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తం పలుచబడుతుంది. నాటి వైద్యుల దగ్గర దీనికి మందు లేదు. సుబ్బారావు కూడా ఆ వ్యాధి బారిన పడ్డారు. ఆయుర్వేద వైద్యంలో పేరుగాంచిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. ఆ తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

పాఠాలు చెప్పుకుంటూ కూర్చుంటే ఈ వ్యాధుల మూలం తెలియదన్న ఆలోచన ఆయనను నిలవనివ్వలేదు. ధర్మసంస్థల సాయం, మామగారి తోడ్పాటు కూడగట్టుకుని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదివేందుకు బయలుదేరారు. 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ వైద్యుడి కొలువు దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేస్తూ పగలు చదువుకున్నారు. డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ వైద్య పాఠశాలలోని జీవరసాయన విభాగంలో చేరారు. ఆటో ఫోలిన్ ఆ విభాగానికి అధిపతి. సైరస్ ఫిస్క్ అక్కడ సుబ్బారావుకు పరిశోధనలో జోడీ అయ్యారు.

నీలిరంగు వెనుక రహస్యం

రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కచ్చితంగా కొలిచే తేలికైన మార్గం వైద్యులకు అవసరంగా ఉండేది. ఫిస్క్, సుబ్బారావు రూపొందించిన పద్ధతిలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, ఆపై మరో రసాయనం చేరగానే నీలిరంగుకు మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ ఉన్నట్లు. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతిని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా దీన్ని ప్రయోగశాలలో నేర్చుకుంటూ వస్తున్నారు.

అదే పద్ధతిని కండరాల సారానికి ప్రయోగించినప్పుడు ఒక వింత కనిపించింది. రంగు ఒక్కసారిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. పొరపాటేమోనని పక్కన పెట్టేయవచ్చు. వారు అలా చేయలేదు. కండరంలో ఏదో సున్నితమైన పదార్థం ఉందని, అది ఆమ్లంలో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదని గ్రహించారు. 1927లో వెల్లడించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్లీ తయారవుతుంది.

రెండేళ్ల తరువాత, 1929లో, కండరాల నుంచి ఎ.టి.పి. అనే మరో పదార్థాన్ని వేరుచేసినట్లు వారు ప్రకటించారు. దీని పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అప్పట్లో చలామణిలో ఉండేది. కండరాల పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్న ఆచార్యులే దానికి అండ. కొత్త ఫలితాలతో ఆ సిద్ధాంతం పునాదులు కదిలాయి.

ఎ.టి.పి.ని కణంలో చెల్లే నాణెంతో పోల్చవచ్చు. తిన్న అన్నం నుంచి వచ్చే శక్తిని కణం ముందుగా ఈ నాణెంలోకి మార్చుకుంటుంది. కండరం ముడుచుకోవాలన్నా, ప్రోటీన్ తయారుకావాలన్నా, నాడీకణం సంకేతం పంపాలన్నా దాన్నే ఖర్చుపెడుతుంది. ఒక మనిషి శరీరం రోజంతా తయారుచేసి ఖర్చుపెట్టే ఎ.టి.పి. దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుందని అంచనా. శరీరం బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే శక్తిలో అయిదో వంతును తానే తీసుకుంటుంది. కణం ఎ.టి.పి.ని ఎలా తయారుచేస్తుందో వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో నోబెల్ బహుమతి లభించింది.

హార్వర్డ్‌లో దక్కని స్థానం

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పిహెచ్.డి. ఇచ్చింది. శాశ్వత ఆచార్య పదవి మాత్రం ఇవ్వలేదు. సహచరుడు ఫిస్క్ నుంచి ఆయనకు అందవలసినంత ప్రోత్సాహం అందలేదన్నది ఆ కాలాన్ని ఎరిగినవారి మాట. ఆ విభాగంలోనే చదువుకుని తరువాత నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ అభిప్రాయమూ అదే. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు అప్పట్లో వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని ఆయన చెప్పారు.

తప్పంతా ఇతరులదే అనడం కూడా న్యాయం కాదు. సుబ్బారావు స్వభావరీత్యా బిడియస్తుడు. సభల్లో ముందువరుసలో నిలబడి తన వాటా చాటుకోవడం ఆయనకు చేతకాలేదు. 1940లో హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన విభాగానికి సారథి అయ్యారు.

ఫోలిక్ ఆమ్లం వేట

1920ల చివర్లో బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక రకమైన తీవ్ర రక్తహీనతను గమనించారు. ఈస్ట్ సారం ఇస్తే వారు కోలుకున్నారు. ఆ సారంలోని ఔషధ పదార్థం ఏమిటో మాత్రం తెలియలేదు. కాలేయంలోనూ పాలకూర వంటి ఆకుకూరల్లోనూ అటువంటి పదార్థమే ఉందని తరువాత తేలింది. ఆకుకూరల్లో ఉన్నందువల్ల దానికి ఫోలిక్ ఆమ్లం అన్న పేరు వచ్చింది.

హార్వర్డ్ రోజుల నుంచే కాలేయ సారం మీద పనిచేస్తున్న సుబ్బారావు లెడర్లీలో ఈ వేటను ఉధృతం చేశారు. బారుల కొద్దీ కాలేయం నుంచి దొరికేది చిటికెడు పదార్థం. ఒక సారంలో అది ఉందో లేదో తేల్చడానికి, ఆ పదార్థం లేనిదే పెరగని ఒక బాక్టీరియాను పరీక్షగా వాడేవారు. 1945లో లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. ఆ పరిశోధన పత్రంపై 16 మంది పేర్లు ఉన్నాయి. సారథి అయిన సుబ్బారావు పేరు వారి మధ్య ఎక్కడో ఒకటిగా ఉంటుంది.

ఆ మందు చేతికి రాగానే వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రోగుల రక్తం మెరుగుపడింది, ఆకలి పుట్టింది, బరువు పెరిగింది. ఇద్దరు సోదరులను బలిగొన్న వ్యాధికి, ఇరవై ఏళ్లు దాటిన తరువాత, వారి సోదరుడు నడిపిన పరిశోధనశాల నుంచి మందు వచ్చింది.

కణం ఆకలే ఆయుధం

కణం రెండుగా చీలాలంటే ముందు తన డి.ఎన్.ఎ.కు నకలు తీసుకోవాలి. అందుకు కావలసిన ఇటుకల్లో ఒకదాన్ని తయారుచేయడానికి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. అది అందకపోతే, వేగంగా పుట్టవలసిన ఎర్ర రక్తకణాలు ముందుగా దెబ్బతింటాయి. స్ప్రూలో రక్తహీనతకు ఒక ముఖ్య కారణం ఇదే.

క్యాన్సర్ కణాలు కూడా వేగంగా చీలేవే. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్, ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు తగ్గకపోగా మరింత ముదురుతున్నట్లు గమనించారు. అలాగైతే కణానికి ఆ ఆమ్లం అందకుండా అడ్డుకుంటే ఏమవుతుంది? లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ ఆమ్లం పోలికలతోనే ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలు తయారుచేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్, మరొకటి నేడు మెథోట్రెక్సేట్‌గా పిలిచే అమెథోప్టెరిన్.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. అమినోప్టెరిన్ తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం ఎక్కువ కాలం నిలవలేదు. అయినా అప్పటిదాకా వారాల్లోనే పిల్లలను పొట్టన పెట్టుకున్న వ్యాధిని మందు వెనక్కి నెట్టగలదని తొలిసారి రుజువైంది. ఇప్పుడు సంపన్న దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియా నుంచి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. ఆ చికిత్సలో కలిపి ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ నేటికీ ఒకటి.

అదే కాలంలో లెడర్లీ నుంచి మరో రెండు మందులు వెలువడ్డాయి. బోదకాలుకు కారణమైన సూక్ష్మ క్రిములను రక్తం నుంచి తొలగించే డైఇథైల్‌కార్బమజైన్ 1947లో వచ్చింది. ఇప్పుడు భారతదేశం చేపట్టిన బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో పంచుతున్నది దాన్నే. వయోవృద్ధుడైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు పరిశోధనశాలలో చేర్చుకున్నారు. మట్టి నమూనాలను పరీక్షిస్తూ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే.

తిరిగి రాని ప్రయాణం

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఫార్బర్ ఫలితాలు వెలువడి రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ ఎందరి ప్రాణాలు నిలిపిందో చూసే వ్యవధి ఆయనకు లేకపోయింది. దాదాపు పాతికేళ్లు అమెరికాలో గడిపిన ఆయన చివరిదాకా భారతీయుడిగానే ఉన్నారు. అయితే ఒక్కసారి కూడా స్వదేశానికి రాలేదు. కొద్దికాలంలో వస్తారని సాగనంపిన భార్య శేషగిరి ఆయనను మళ్లీ చూడలేదు. ఆయన పరిశోధనకు చెల్లించిన మూల్యంలో ఆమె వాటా లెక్కకు అందేది కాదు.

ఆయన పేరు మరుగున పడటానికి ఒక్క కారణం చెప్పలేం. ఎ.టి.పి. ఘనతను జర్మనీ శాస్త్రవేత్తతో పంచుకోవలసి వచ్చింది. ఔషధ సంస్థలో ఫలితాలు బృందం పేరుతో వెలువడ్డాయి. ఫలితాలు ఫలించే వేళకు ఆయన లేరు. 1953లో ఆయన సహచరులు కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టి గౌరవించారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

గర్భం దాల్చడానికి ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే శిశువు వెన్నుపాము, మెదడు లోపాలతో పుట్టే ముప్పు బాగా తగ్గుతుందని 1991లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. మెదడు ఏర్పడటంలో ఈ ఆమ్లానికి ఇంతటి పాత్ర ఉందని సుబ్బారావుకు తెలిసే అవకాశం లేదు. ఆయన వెతికినది రక్తహీనతకు మందు. ఆ మందే ఇవాళ ఆయన పుట్టిన గోదావరి జిల్లాల్లో, ఆయన పేరు ఎన్నడూ వినని తల్లుల చేతికి కూడా అందుతున్నది.