స్వాంటే అర్హీనియస్

స్వీడను దేశపు పొలములలో అక్కడక్కడ పెద్ద బండరాళ్లు ఒంటరిగా పడియుండును. పూర్వమొకప్పుడు ఆ దేశమును కప్పియున్న మంచు మెల్లగా కదలుచు వానిని దూరప్రాంతములనుండి తెచ్చి విడిచినది. అంతటి చలి ఏల కలిగెను? ఏల తొలగెను? ఈ ప్రశ్నకు లెక్కలతో సమాధానము వెదకిన మహనీయుడు స్వాంటే అర్హీనియస్.

ఆయన 1859వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఉప్సాలా నగర సమీపమున జన్మించెను. తండ్రి భూములను కొలుచు ఉద్యోగి. స్వాంటేకు పసితనమునుండియు లెక్కలన్న మక్కువ. 1884లో ఆయన సమర్పించిన పరిశోధన గ్రంథమును ఉప్సాలా పండితులు మెచ్చకపోయిరి. తక్కువ తరగతిలో పట్టమిచ్చిరి. ఆయన నిరాశ చెందక దాని ప్రతులను విదేశ పండితులకు పంపెను. వారు దాని విలువను గుర్తించిరి. లవణములు నీట కరగినపుడు విద్యుత్కణములుగా విడిపోవునను ఆయన సిద్ధాంతమునకు 1903లో నోబెల్ బహుమానము లభించెను.

1894వ సంవత్సరము క్రిస్మసు ముందునాడు ఆయన మరియొక కార్యమునకు పూనుకొనెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు భూమినుండి వెడలు వేడిని కొంత పట్టి నిలుపును. ఆ వాయువు తగ్గినను హెచ్చినను భూమి యెంత చల్లబడును, ఎంత వేడెక్కును? కలము, కాగితము తప్ప వేరు సాధనము లేదు. భూగోళమును భాగములుగా విభజించి, ఋతువుల వారీగా వేలకొలది లెక్కలు కట్టెను. సుమారొక సంవత్సరము గడచెను. ఆ రోజులలోనే ఆయన సంసారము చెదరెను, భార్యాబిడ్డలు దూరమైరి. అయినను పని విడువలేదు.

1896లో ఫలితము వెలువడెను. ఆ వాయువు ఇంచుమించు సగమునకు తగ్గినచో భూమి 4, 5 డిగ్రీలు చల్లబడునని, రెట్టింపైనచో 5, 6 డిగ్రీలు వేడెక్కునని ఆయన తేల్చెను. నేటి అంచనా రెట్టింపునకు సుమారు 3 డిగ్రీలు. హిమయుగముల రాకపోకలకు మొదటి కారణము సూర్యుని చుట్టు భూమి తిరుగు తీరులోని మార్పులనియు, బొగ్గుపులుసు వాయువు ఆ మార్పును బలపరచుననియు పిమ్మట తెలిసెను. మానవులు కాల్చు బొగ్గువలన భూమి వేడెక్కునని అర్హీనియస్ గ్రహించెను గాని, అది మిక్కిలి మెల్లగా జరుగుననియు, చలిదేశములకు మేలనియు తలచెను. ఈ రెండును పొరపాట్లు. ఆయన 1927 అక్టోబరు 2వ తేదీన స్టాక్‌హోమున మరణించెను.

1958లో పదిలక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లుండిన ఆ వాయువు నేడు 420 పాళ్లను మించినది. అయినను కొందరు, సుమారు 950 మొదలు 1250 వరకు ఉత్తర అట్లాంటిక్ తీరములు వెచ్చగా నుండెను గదా, అప్పుడు కర్మాగారములు లేవు గదా యని వాదింతురు. ఆ వెచ్చదనము నిజమే. కాని అది లోకమంతట ఒక్కమారు కలిగినది కాదు. నేటి వేడిమి దాదాపు భూమియంతటను వ్యాపించినది. నిన్న వానకు ఇంటినేల తడిసినదని, నేడు పగిలిన కుండనుండి కారు నీటిని వాననీరనుట తగునా?

గతమును శోధించి కారణము తెలిసికొనుటయే అర్హీనియస్ చూపిన మార్గము. కారణము తెలిసిన పిదప కుండను బాగుచేసికొనుట మన పని.