గ్రంథం ముందు తలవంచని పాఠకుడు

గత సెమిస్టర్‌లో ఎంఏ తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. అస్పృశ్యత పుట్టుక గురించి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1948లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని ఆ రోజు చర్చిస్తున్నాం. తెగల పోరాటాల్లో ఓడి చెదిరిపోయిన మనుషులు ఊరి వెలుపల కాపలాదారులుగా స్థిరపడ్డారనీ, బౌద్ధాన్నీ గోమాంసాన్నీ విడవనందుకు వారిని అంటరానివారిని చేశారనీ ఆయన వాదన. ఆ అమ్మాయి లేచి, దీనికి చూపిన ఆధారాలు సరిపోతాయా అని అడిగింది. వెనుక వరుసలోంచి ఒక కుర్రవాడు, బాబాసాహెబ్ చెప్పాక ఇంకా ఆధారాలేమిటని కోపంగా అన్నాడు. ఇద్దరూ దళితవాడల నుంచి వచ్చినవారే. ఇద్దరిలోనూ నిజాయితీ ఉంది. ఆ రోజు నేనిచ్చిన సమాధానం అరకొరగానే మిగిలింది.

ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం. అంబేడ్కర్ జీవితాన్ని ఉద్యమ నాయకుడిగా, రాజ్యాంగ నిర్మాతగా చాలామంది చెప్పారు. నేనిక్కడ ఆయనను ఒక పాఠకుడిగా చూడదలిచాను. పవిత్రమని పేరుపడ్డ గ్రంథాలను ముందు పెట్టుకుని ఆయన జీవితమంతా ఏమి అడుగుతూ వచ్చారో చూస్తే, తరగతిలోని ఆ ఇద్దరికీ జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణంలో ఆయన పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, కబీరు పంథాను అనుసరించిన భక్తుడు. ఇంట్లో పిల్లలు రోజూ నిద్రపోయే ముందు రామాయణ భారతాల్లో కొంత భాగం చదివి తీరాలన్నది ఆయన నియమం. శూద్రులనూ అంటరానివారినీ కించపరిచే ఈ పుస్తకాలను మనమెందుకు చదవాలని కొడుకు తండ్రినే నిలదీశాడు. తండ్రి ఇచ్చిన జవాబు ఆలోచించదగినది. అంటరానివారిగా పుట్టిన పిల్లలు తమను తాము తక్కువగా తలచుకునే ప్రమాదం ఉందనీ, ద్రోణుడు, కర్ణుడు వంటివారు చిన్న స్థితి నుంచి ఎంత ఎత్తుకు ఎదిగారో చూడమనీ, రామాయణం రాసిన వాల్మీకి కోలీ కులస్థుడేననీ ఆయన చెప్పారు. కొడుకు ఆ మాటలోని బలాన్ని గుర్తించాడు, కానీ తృప్తి పడలేదు. భీష్మద్రోణుల మాటకూ చేతకూ పొంతన లేదనీ, కృష్ణుడి యుద్ధనీతి తనకు నచ్చలేదనీ, వాలి విషయంలోనూ సీత విషయంలోనూ రాముడి ప్రవర్తన మింగుడు పడలేదనీ తేల్చి చెప్పాడు. తండ్రి మౌనంగా ఉండిపోయారు. కొడుకు తిరగబడుతున్నాడని ఆయనకు అర్థమైంది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తుకొస్తారు. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడైన ఆయనకు కర్ణుడంటే ప్రాణం. రాత్రిళ్లు భారత కథ చెబుతూ, సభలో కులమేదని కర్ణుణ్ణి అడిగిన చోట ఆయన గొంతు మారిపోయేది. అయితే కర్ణుడు సూర్యుడి కొడుకని, కుంతి బిడ్డని తేలాకే కదా కథ ఆయన గొప్పతనానికి కారణం చూపింది, నిజంగానే సూతుడి కొడుకైతే ఏమయ్యేదని నేను ఎన్నడూ అడగలేదు. ఆ ప్రశ్న నాకు తట్టేసరికి నాన్న లేరు. మన తండ్రులు ఆ గ్రంథాల్లో బిడ్డల కోసం ఆత్మగౌరవాన్ని వెతికారు. దొరికిన కొద్దిపాటిదే మన చేతిలో పెట్టారు. వారిని తప్పుపట్టలేం. ఆ కొద్దిపాటితో సరిపెట్టుకోకపోవడమే భీమ్‌రావ్ ప్రత్యేకత.

పాఠశాలలో ఒక పరీక్ష గట్టెక్కినందుకు కులపెద్దలు ఆయనకు అభినందన సభ జరిపారు. ఆ సభలో మరాఠీ రచయిత కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రవాడికి కానుకగా ఇచ్చారు. ఇంట్లో ఇన్నాళ్లూ బౌద్ధ సాహిత్యాన్ని ఎందుకు పరిచయం చేయలేదని ఆయన తండ్రిని అడిగింది ఆ పుస్తకం చదివాకే. మరోవైపు, హైస్కూల్లో సంస్కృతం చదువుకోవాలని ఆశపడితే కులం అడ్డుగోడై నిలిచింది. విధిలేక పారసీకం తీసుకున్నారు. ఏ భాషలో తన తలరాత రాసి ఉందో ఆ భాషనే చదవనివ్వని వ్యవస్థ అది. తరువాతి కాలంలో స్వయంకృషితో సంస్కృతం కొంత నేర్చినా, అందులో పాండిత్యం ఉందని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. పదిహేనేళ్లపాటు ఆంగ్లానువాదాలను శ్రద్ధగా చదివిన మామూలు తెలివిగల మనిషికి ఈ విషయం మీద మాట్లాడే అర్హత ఉంటుందని మాత్రం నిబ్బరంగా రాశారు.

1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916 మేలో అక్కడ ఒక సెమినార్‌లో భారతదేశ కులాల మీద పత్రం సమర్పించారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. అందులో ఆయన మనువు మీద నిందంతా మోపి ఊరుకోలేదు. కులం మనువు కంటే ముందే ఉందనీ, ఉన్నదాన్ని ఆయన సూత్రబద్ధం చేశాడనీ, ఒక మనిషి శాసించినంత మాత్రాన ఇంత పెద్ద సమాజం మెడ వంచదనీ వాదించారు. కులానికి మూలం స్వకుల వివాహంలో ఉందనీ, పై వర్గం మూసుకున్న తలుపును కింది వర్గాలు అనుకరించాయనీ విశ్లేషించారు. మనువు మీద ఆగ్రహించడానికి అందరికంటే ఎక్కువ కారణం ఉన్నవాడు, ఆధారం చూపినంత మేరకే మనువును దోషిగా నిలబెట్టాడు. హేతువంటే ఏమిటో అడిగే విద్యార్థులకు నేను మొదట చూపించేది ఈ పత్రాన్నే.

మరి అదే మనిషి పదకొండేళ్లకు మనుస్మృతిని ఎందుకు తగలబెట్టారు? 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు ముట్టినందుకు అంటరానివారి మీద దాడులు జరిగాయి. చెరువు మైలపడిందని శుద్ధి చేశారు. ఒక దోసెడు నీళ్లను నేరంగా మార్చిన అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే వేళ్లు ధర్మశాస్త్రంలో తేలాయి. ఆ ఏడాది డిసెంబర్ 25న జరిగిన రెండో సభలో మనుస్మృతి ప్రతిని దహనం చేశారు. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన గంగాధర్ నీలకంఠ్ సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడు. విదేశీ వస్త్రాలను తగలబెట్టినవారు ఆ బట్టతో పగ పెంచుకుని ఆ పని చేయలేదని, ఇదీ అటువంటి నిరసనేనని అంబేడ్కర్ వివరించారు. మంటకు ముందు ఎన్నో ఏళ్ల చదువు ఉంది. మంట తరువాత కూడా ఆయన ఆ గ్రంథాన్ని పక్కన పడేయలేదు. ఆయన తరువాతి రచనల్లో మనుస్మృతి శ్లోకాలు అధ్యాయాల వారీగా, సంఖ్యలతో సహా కనబడతాయి.

విశ్వాసానికీ తర్కానికీ మధ్య ఘర్షణను ఆయన సూటిగా ఎదుర్కొన్నది 1936లో. లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సభకు ఆయనను అధ్యక్షుడిగా పిలిచింది. ముందుగా పంపిన ప్రసంగ పాఠంలో వేదశాస్త్రాల ప్రామాణ్యం మీద చేసిన విమర్శ నిర్వాహకులకు మింగుడు పడలేదు. మార్చమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సభే ఆగిపోయింది. ఆ ప్రసంగాన్నే కులనిర్మూలన పేరుతో సొంత ఖర్చుతో అచ్చు వేయించారు.

అందులోని వాదక్రమం ఇలా సాగుతుంది. కులాన్ని పాటించే హిందువు అమానుషుడు కాడు, మతం చెప్పినదాన్ని శ్రద్ధగా పాటిస్తున్నాడు. కాబట్టి సహపంక్తి భోజనాల వల్లా అక్కడక్కడా జరిగే కులాంతర వివాహాల వల్లా కులం పోదు. ఆచరణ మారాలంటే ఆ ఆచరణకు పవిత్రతను ఇచ్చిన శాస్త్రాల మీద నమ్మకం సడలాలి. అయితే హిందువుకు తర్కించే స్వేచ్ఛ ఉందా? మనుస్మృతి రెండో అధ్యాయం, హేతుశాస్త్రాన్ని ఆశ్రయించి శ్రుతిస్మృతులను ధిక్కరించేవాణ్ణి నాస్తికుడిగా, వేదనిందకుడిగా వెలివేయమంటుంది. అంటే, ప్రశ్నించడాన్నే నేరంగా ప్రకటించిన గ్రంథాన్ని ప్రశ్న ద్వారా సంస్కరించడం సాధ్యం కాదు. ముందు ఆ గ్రంథాన్ని ప్రామాణ్య పీఠం మీద నుంచి దించాలి. 1916 నాటి పత్రంలో ఇంతటి బరువు శాస్త్రాల మీద లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఆయన అభిప్రాయాన్ని మార్చింది. మార్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

గాంధీ తన హరిజన్ పత్రికలో స్పందిస్తూ, కులానికి మతంతో సంబంధం లేదనీ, శాస్త్రాలకు సాధుసంతుల జీవితాలే అసలైన వ్యాఖ్యానమనీ, హేతువుకు నిలవనిదాన్ని భగవద్వాక్కుగా తీసుకోనవసరం లేదనీ వాదించారు. అంబేడ్కర్ జవాబు పాఠకుడి జవాబు. ఏది అసలు శ్లోకం, ఏది ప్రక్షిప్తం అన్న తేడా సామాన్యులకు తెలియదు. వారికి అందిన శాస్త్రమే వారికి శాస్త్రం. సంతులు దేవుడి ముందు మనుషులు సమానమన్నారే తప్ప మనిషి ముందు మనిషి సమానమని కులం మీద యుద్ధం చేయలేదు. గ్రంథంలో ఏముందన్న చర్చ పండితులకు సరదా కావచ్చు. ఆ గ్రంథం బావి దగ్గర ఏం చేస్తోందన్నది దాహం వేసినవాడి ప్రశ్న.

1946లో శూద్రులెవరు అన్న గ్రంథాన్ని ఆయన జోతిబా ఫూలేకు అంకితమిచ్చారు. పురుషసూక్తాన్ని ఇతర సృష్టి కథలతో పక్కపక్కన పెట్టి అవి ఒకదానితో ఒకటి ఎలా పొసగవో చూపారు. ఆర్యులు వేరే జాతిగా దండెత్తి వచ్చారన్న వాదాన్ని, అది బ్రాహ్మణేతర ఉద్యమాలకు ఎంతో ఇష్టమైనదైనా, ఋగ్వేద ఆధారాలతోనే తిరస్కరించారు. తన పక్షానికి పనికొచ్చే అబద్ధం కూడా ఆయనకు అక్కరలేదు. హిందూ కోడ్ బిల్లు చర్చల్లో ధర్మశాస్త్రాల పేరు చెప్పి అడ్డుపడినవారికి కౌటిల్యుణ్ణీ పరాశర స్మృతినీ చూపి విడాకుల హక్కును సమర్థించారు. చివరి దశలో హిందూమతంలోని చిక్కుముళ్ల మీద రాసిన వ్యాసాలు ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం వాటిని ప్రచురించినప్పుడు రాముడు, కృష్ణుడి మీద ఉన్న అనుబంధం పెద్ద అలజడి రేపింది. చనిపోయి మూడు దశాబ్దాలు గడిచినా ఆయన ప్రశ్నలకు వీధుల్లో నినాదాలే సమాధానంగా వచ్చాయి.

ఇంతవరకూ పరాయి గ్రంథాల సంగతి. అసలు పరీక్ష తాను ప్రేమించిన గ్రంథం దగ్గర వస్తుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది జనంతో ఆయన బౌద్ధం స్వీకరించారు. మతం మనిషికి అవసరమేనని, అయితే అది నియమాల మూటగా కాక సూత్రాల మీద నిలవాలని ఆయన విశ్వాసం. కాబట్టి ఆయనను మతమే వద్దన్న నాస్తికుల వరుసలో నిలబెట్టలేం. అయినా బుద్ధుడు, ఆయన ధమ్మం అన్న పుస్తకాన్ని ఆయన మొదలుపెట్టింది బౌద్ధ సంప్రదాయాన్నే నిలదీస్తూ. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా సిద్ధార్థుడు ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ చూడలేదంటే ఎలా నమ్మాలి? ఆత్మ లేదన్నవాడు కర్మనూ పునర్జన్మనూ ఏ అర్థంలో చెప్పాడు? ఆర్యసత్యాలు బుద్ధుడివేనా, తరువాత చేరాయా? భిక్షువు తన ముక్తి చూసుకునేవాడా, లోకానికి సేవకుడా? గృహత్యాగానికి రోహిణీ నదీజలాల మీద శాక్య కోలియుల వివాదాన్ని ఆయన కారణంగా చూపారు. హేతుబద్ధమైనదే బుద్ధవచనం అన్న కొలబద్దను వాడారు. ఆ కొలబద్దతో బుద్ధుణ్ణి తన కాలానికి అనుగుణంగా మలచుకున్నారని విమర్శించిన బౌద్ధులున్నారు. ఆ విమర్శలో పస ఉందనే నేనూ అనుకుంటాను. కానీ ఒక్క విషయం కాదనలేం. శరణు వేడిన చోట కూడా ఆయన కళ్లు మూసుకోలేదు. అదే సంవత్సరం డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. ఆ పుస్తకం 1957లో వెలువడింది.

ఇక నా తరగతిలోని ఇద్దరి దగ్గరికి వస్తాను. ఆ కుర్రవాడి కోపం నాకు తెలుసు. ఏ పుస్తకంలోనూ గౌరవంగా తన పేరు లేని మనిషికి అంబేడ్కర్ సంపుటాలు దొరికాయి. వాటిని ఎవరైనా తాకితే ఒళ్లు మండుతుంది. పైగా తమ ఇళ్లలోని గ్రంథాలను ఎన్నడూ ప్రశ్నించనివారే ఆధారాలు చూపమని మనల్ని గద్దించడం చూస్తూనే ఉన్నాం. ఆ పక్షపాతాన్ని ఎండగట్టాల్సిందే. అయితే ఆ అమ్మాయి ప్రశ్న ఆ కోవలోనిది కాదు. అది పరేల్‌లోని ఇరుకు గదిలో ఒక తండ్రిని మౌనంలోకి నెట్టిన ప్రశ్నకు సొంత చెల్లెలు.

అస్పృశ్యుల మీద రాసిన ఆ పుస్తకపు ముందుమాటలోనే, తన సిద్ధాంతమే తుదిమాట అని తాను అనడం లేదనీ, దాన్ని తీర్పుగా అంగీకరించమని పాఠకులను కోరడం లేదనీ అంబేడ్కర్ స్పష్టం చేశారు. లభించని ఆధారాల చోట ఊహతో లంకెలు కలపాల్సి వచ్చిందని ఒప్పుకున్నారు. ఆ రోజు తరగతిలో నేను ఆ పేజీ తెరిచి ఇద్దరికీ చదివి వినిపించి ఉండాల్సింది. వచ్చే సెమిస్టర్ పాఠాన్ని ఆ పేజీతోనే మొదలుపెడతాను.