సర్వర్ ఎంత మోయగలదు? లెక్క తేల్చిన టెలిఫోన్ ఉద్యోగి

ఫలితాలు వచ్చాయనగానే మీరూ, మీ ఫ్రెండ్సూ ఒకేసారి లింకు నొక్కుతారు. పేజీ తెరుచుకోదు. సర్వర్ డౌన్ అని విసుక్కుంటారు. చాలాసార్లు అది చెడిపోయి ఉండదు, లోపల క్యూ పెరిగిపోయి ఉంటుంది, అంతే. అలాంటి క్యూలకు లెక్క కట్టిన అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కంప్యూటర్లు రాకముందే కన్నుమూశారు.

డెన్మార్క్‌లోని లోన్‌బోర్గ్ అనే ఊళ్లో 1878 జనవరి 1న పుట్టారు. తండ్రి బడిపంతులు. ఒకే పుస్తకాన్ని అన్న తిన్నగా చదువుతుంటే, ఈయన ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివేసేవారట. పద్నాలుగేళ్లకే ప్రత్యేక అనుమతితో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష పాసయ్యారు. కోపెన్‌హాగెన్‌లో 1901లో గణితంలో ఎంఏ పట్టా. ఆ తర్వాత? మన దగ్గర చాలామందిలాగే స్కూల్లో పాఠాలు. ఏడేళ్లు అదే పని.

అయితే గణిత సంఘం సమావేశాలకు వెళ్లడం మాత్రం మానలేదు. అక్కడే జెన్సెన్ పరిచయమయ్యారు. మెషీన్ లెర్నింగ్ క్లాసులో మీరు చదివే జెన్సెన్ అసమానత ఆయనదే. ఆయన ఉద్యోగం కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో. ఆ పరిచయంతోనే 1908లో, ముప్పయ్యేళ్ల వయసులో, ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరారు.

అక్కడి చిక్కు చూడండి. లైన్లు ఎక్కువ వేస్తే డబ్బు దండగ, తక్కువ వేస్తే జనానికి కాల్ కలవదు. మరి ఎన్ని వేయాలి? గంటకు 60 కాల్స్ వస్తాయి, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకోండి. మొత్తం 180 నిమిషాల మాటలు. అంటే 3 లైన్లు చాలనిపిస్తుంది. చాలవు. కాల్స్ వరస కట్టి రావు కదా, గుంపుగా మీద పడతాయి. 3 లైన్లుంటే మూడో వంతుకు పైగా కాల్స్ తిరిగిపోతాయి. 6 ఉంటే వందకు అయిదు, 8 ఉంటే వందకు ఒకటి లోపు. ఇలా లెక్కగట్టే సూత్రాన్ని ఆయన 1917లో ప్రచురించారు. కాల్స్ ఎలా వస్తాయన్న తొలి వ్యాసం 1909లోనే వచ్చింది.

కుర్చీలో కూర్చుని లెక్కలేసే మనిషి అనుకోకండి. కరెంటు కొలతలు తీసుకోవడానికి నిచ్చెన మోసే మనిషిని వెంటబెట్టుకుని వీధుల్లో మ్యాన్‌హోల్స్‌లోకి దిగేవారు. పెళ్లి చేసుకోలేదు. దాదాపు ఇరవయ్యేళ్ల సర్వీసులో జబ్బు చేసిందని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదట. చివరికి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరి, 1929 ఫిబ్రవరి 3న మరణించారు. వయసు 51.

ఇక మీ ఇంటర్వ్యూ సంగతి. అపాచీ మేలా, ఎన్‌జిన్‌ఎక్స్ మేలా అని అడిగితే చాలామంది లైట్‌హౌస్ ఆడిట్ స్కోరు చెబుతారు. ఆ ఆడిట్ ఒక్క మనిషి ఒక్కసారి పేజీ తెరిచినట్టు చూస్తుంది. ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది! అసలు తేడా లోడ్ పెరిగినప్పుడే బయటపడుతుంది. ఒకే క్యూ ఉన్న మామూలు నమూనాలో, సర్వర్ సగం బిజీగా ఉంటే పట్టే సమయం రెట్టింపు, 90 శాతం బిజీ అయితే పది రెట్లు. అందుకే స్కోరుతో పాటు లోడ్ టెస్ట్ కూడా చేసి చూపించండి.

ఫోన్ ట్రాఫిక్‌ను కొలిచే ప్రమాణానికి 1946లో ఎర్లాంగ్ అని పేరు పెట్టారు. ఎరిక్సన్ కంపెనీలో 1980ల్లో పుట్టిన ప్రోగ్రామింగ్ భాషకూ అదే పేరు. ఆ భాషలో రాసిన యాస్ అనే వెబ్ సర్వర్‌ను 2002 ప్రాంతంలో అపాచీతో పోల్చారు. ఒకేసారి 4,000 కనెక్షన్ల దగ్గర అపాచీ చేతులెత్తేసింది. యాస్ 80,000 దాటినా పనిచేస్తూనే ఉంది. పదేళ్ల తర్వాత, 2012లో, ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టిన వాట్సాప్ కూడా ఆ భాషనే వాడింది.