కవికోకిల గుఱ్ఱం జాషువగారు

క్రైస్తవ కుటుంబములో పుట్టి తెలుగువారందరికి కవియైనవారు గుఱ్ఱం జాషువగారు. ఆయన పద్యము ఒక్కటైనను నోటికి రాని పెద్దలు మన యిండ్లలో అరుదు. అయినను ఆయన జీవితములో క్రైస్తవ సంఘమునకు సంబంధించిన ఒక సంగతిని మనము అంతగా చెప్పుకొనము. దానిని కూడ ఇక్కడ చెప్పదలచినాము.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో ఆయన జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమాంబగారు మాదిగ కులమువారు. బడిలోనే అంటరానితనము ఎదురైనది. కొప్పరపు సోదర కవులు వినుకొండలో అవధానము చేసినప్పుడు, యువకుడైన జాషువగారు వారిని మెచ్చుచు పద్యములు చదివిరి. ఇతనిని సభకు రానిచ్చినదెవరని కొందరు గోల చేసిరి. వారు తప్పు పట్టినది పద్యమును కాదు, పుట్టుకను.

ఇక మనవారి సంగతి. సంస్కృతము నేర్చి, పురాణ కథలను పద్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలకు కోపము వచ్చినది. ఆయనను సంఘమునుండి వెలివేసిరి. పురాణము చదువక ఆ కాలమున తెలుగు కవి యగుట ఎట్లో ఆ పెద్దలు ఆలోచింపలేదు. బ్రతుకుతెరువునకై ఆయన రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చెప్పిరి. తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసిరి.

1932లో ఫిరదౌసి వచ్చినది. పద్యమునకొక బంగారు నాణెమిత్తునని పారశీక కవికి మాట యిచ్చి, వెండి నాణెములతో సరిపెట్టిన గజనీ సుల్తాను కథ అది. అన్యాయము పొందిన మహమ్మదీయ కవి గోడును తెలుగు క్రైస్తవుడు తన గోడుగా పాడిరి.

1941లో వచ్చిన గబ్బిలము అంతకంటె లోతైనది. కాళిదాసు యక్షుడు మేఘముతో సందేశము పంపెను. జాషువగారి కథానాయకుడు ఆకలితో నున్న అరుంధతీయుడు. ఆలయములో అతనికి ప్రవేశము లేదు. కాని గబ్బిలమును ఎవరు ఆపగలరు? అది గర్భగుడి కప్పునకే వ్రేలాడును. (మన పాత దేవాలయముల దూలములకును దాని కాపురము కొత్త కాదు.) అందుచేత కాశీ విశ్వనాథునితో తన మొర చెప్పుమని అతడు దానినే వేడుకొనును. కోపము కలదు గాని ద్వేషము లేదు; మా దృష్టిలో ఆ కావ్యపు బలము అదే.

సభలో అవమానము పొందిన ఆ కవి పాదమునకు తరువాతి కాలమున చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయముగా గండపెండేరము తొడిగిరి. వెలి పొందిన ఆయన వ్రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి లభించినది. ఆ యేడే శాసన మండలి సభ్యులైరి. 1970లో పద్మభూషణ్ బిరుదము పొంది, 1971 జులై 24న గుంటూరులో కన్నుమూసిరి.

మన యువజనుల కూటములలో క్రీస్తు చరిత్రను చదువుట కలదు. దానితోపాటు గబ్బిలమును కూడ చదివించవలెనని మా కోరిక.