క్షతగాత్రుల ఆప్తుడు - లారే

యుద్ధచరిత్రలలో సేనానాయకుల పేర్లు ప్రముఖంగా కనిపిస్తాయి. గాయపడి నేలకూలిన సైనికుణ్ణి ఎవరు లేవనెత్తారు, ఎలా మోశారు, ఎంతసేపటికి వైద్యుని వద్దకు చేర్చారు అన్న విషయాలు ఆ గ్రంథాలలో అరుదుగా కనబడతాయి. నిజానికి ఆ ఎత్తడంలో, ఆ మోతలో ఎందరి ప్రాణాలో పోయేవి. రోగిని ఒకచోటి నుండి మరొకచోటికి కదిలించడం కూడ చికిత్సలో భాగమేనని గుర్తించి, అందుకు తగిన సాధనాలను, సిబ్బందిని సమకూర్చిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ జాన్ లారే.

లారే 1766 జూలై 8వ తేదీన ఫ్రాన్స్ దేశపు దక్షిణ సరిహద్దున, పిరనీస్ పర్వతసానువులలోని బోదెయాన్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి చెప్పులు కుట్టి కుటుంబాన్ని పోషించేవాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన లారే పదమూడేళ్ల ప్రాయంలో తులూజ్ నగరానికి కాలినడకన బయలుదేరాడని చెబుతారు. అక్కడ తండ్రి సోదరుడు అలెక్సిస్ పేరుపొందిన శస్త్రవైద్యుడు. ఆయన వద్దనే లారే వైద్యవిద్యను అభ్యసించాడు. 1787లో నౌకాదళ వైద్యునిగా న్యూఫౌండ్లాండ్ తీరానికి వెళ్లివచ్చాడు గాని, సముద్రప్రయాణం ఆయన ఒంటికి సరిపడలేదు. ఆ కొలువు విడిచి పారిస్ చేరి పెద్ద ఆసుపత్రులలో పనిచేస్తున్న కాలంలోనే ఫ్రెంచి విప్లవం చెలరేగింది. 1792లో రైన్ నదీప్రాంతపు సైన్యంలో వైద్యునిగా చేరాడు.

అక్కడ ఆయన చూసిన దృశ్యం హృదయవిదారకమైనది. నాటి నియమం ప్రకారం వైద్యశిబిరం రణరంగానికి నాలుగైదు కిలోమీటర్ల వెనుక ఉండాలి. యుద్ధం ముగిసేవరకు బరువైన బండ్లు ముందుకు కదలరాదు. అవి క్షతగాత్రుల వద్దకు చేరేసరికి ఇరవైనాలుగు గంటలో, ముప్పైయారు గంటలో గడిచిపోయేవి. అంతసేపు నెత్తురోడుతూ పడి ఉన్నవారిలో అనేకులు బండి రాకముందే కన్నుమూసేవారు. బతికి ఉన్నవారినైనా చేతులు, కాళ్లు పట్టి లేపి బండిలో పడవేసేవారు. విరిగిన ఎముక కొస పదునైన కత్తివంటిది. అవయవాన్ని ఒడుపు లేకుండా కదిలిస్తే అది చుట్టూ ఉన్న కండరాలను, రక్తనాళాలను చీలుస్తుంది. శత్రువు గుండు చేయని హాని స్నేహితుని చేయి చేసేదన్నమాట.

ఆ సైన్యంలో గుర్రాలు లాగే తేలిక ఫిరంగులు ఉండేవి. అవి క్షణాలలో ఒకచోటి నుండి మరొకచోటికి పరుగెత్తేవి. వాటిని ఎగిరే ఫిరంగులని పిలిచేవారు. చంపే సాధనం అంత వేగంగా పోగలిగినప్పుడు కాపాడే సాధనం ఎందుకు పోలేదన్న ప్రశ్న లారే మనస్సులో మెదిలింది. మొదట గుర్రాల వీపున బుట్టలు కట్టి గాయపడినవారిని తరలించాలనుకున్నాడు. అది చాలదని అనుభవం నేర్పింది. వేగంతోపాటు దృఢత్వం, సుఖం కూడ ఉండే బండి కావాలనుకున్నాడు. ఆ ఆలోచన ఫలితమే ఎగిరే అంబులెన్సు. నాటి ఫ్రెంచివారికి అంబులెన్సు అనే మాట బండి పేరు కాదు. సైన్యం వెంట కదిలే ఆసుపత్రి పేరు. అది వాహనానికి పేరుగా స్థిరపడడంలో లారే బండ్ల పాత్ర కొంత ఉన్నదని చెప్పవచ్చు.

ఈ బండి నిర్మాణాన్ని కొంత నిదానంగా పరిశీలించాలి. చదునైన నేలకు రెండు చక్రాల బండి, కొండదారులకు నాలుగు చక్రాల బండి. చిన్నదానిని రెండు గుర్రాలు, పెద్దదానిని నాలుగు గుర్రాలు లాగేవి. కుదుపు తగలకుండా బండి తొట్టి స్ప్రింగుల మీద నిలిచేది. గాలి ఆడడానికి పక్కల చిన్న కిటికీలు, ముందూ వెనుకా తలుపులు ఉండేవి. అన్నిటికంటె విశేషమైనది చిన్నబండి అడుగుపలక. అది తొట్టికి బిగించినది కాదు. నాలుగు చిన్న చక్రాలపై సులువుగా జారి బయటికి వచ్చేది. దానిపై తోలు తొడిగిన పరుపు, తలగడ ఉండేవి. పలకకు నాలుగు ఇనుప పిడులు. సైనికుల నడికట్లను ఆ పిడులలోకి దూర్చితే అదే మోసుకుపోయే పడక అయ్యేది. గాయపడినవాని పక్కకు పలకనే తీసుకువెళ్లి, అతనిని ఒక్కసారి దానిపైకి చేర్చి, పలకతోసహా బండిలోకి జార్చేవారు. వాతావరణం బాగులేనప్పుడు ఆ పలకమీదనే కట్లు కట్టేవారు. పెద్దబండికి ఎడమ పక్క దాదాపు పొడవునా తెరుచుకొనే తలుపులు అమర్చి, మనిషిని వంచకుండా పడుకోబెట్టే వీలు కల్పించాడు.

రోగిని ఎన్నిసార్లు ఎత్తి దించితే అన్నిసార్లు ప్రమాదం. ఎత్తే పనిని తగ్గించి జార్చే పనిని పెంచాలన్నది ఈ బండిలోని కీలకం. నేటి ఆసుపత్రులలో మంచం మీది రోగిని స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు ఒంటికింద నున్నని పలకనో, జారుడు గుడ్డనో చేర్చి నలుగురు ఒక్కసారిగా జరుపుతారు. వెన్నెముకకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్లు జాగ్రత్త వహిస్తారు. దీనివల్ల రోగికే కాదు, మోసేవారికీ రక్షణ. నర్సులకు నడుమునొప్పి రావడానికి రోగులను ఎత్తడం ఒక ముఖ్యకారణం. మోసేవారి నడుము సంగతి లారే యోచించాడో లేదో గాని, ఆయన అడుగుపలక వారికీ మేలే చేసి ఉంటుంది.

1797లో ఇటలీలో ఈ ఏర్పాటు పూర్తిరూపం దాల్చింది. సుమారు 340 మందితో ఒక దళం ఏర్పడింది. దానిని మూడు విభాగాలు చేసి, ఒక్కొక్క విభాగానికి 12 తేలిక బండ్లు, 4 పెద్ద బండ్లు ఇచ్చారు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్లినప్పుడు ఆ ఇసుకనేలలో బండ్లు పనికిరావని లారే గ్రహించాడు. నూరు తొట్టిలు చేయించి ఒంటె మూపురానికి అటొకటి, ఇటొకటి సాగే పట్టీలతో కావడివలె వేలాడదీశాడు. ఒక పలకను ముందుకు లాగితే మనిషి కాళ్లు చాపుకొని పడుకొనేంత పొడవు వచ్చేది. సాధనం మారినా సూత్రం మారలేదు.

ఎవరిని ముందు చూడాలన్న విషయంలోనూ ఆయన నియమం కచ్చితమైనది. ప్రాణాపాయం ఎవరికి ఎక్కువగా ఉన్నదో వారికే ముందు చికిత్స. సేనాని, సిపాయి అన్న భేదం లేదు. శత్రుసైనికులకూ అదే న్యాయం. నేడు ప్రతి అత్యవసర విభాగమూ పాటించే పద్ధతికి ఇది ఒక పునాది.

అయితే లారే పేరు వినగానే నాటి సైనికులకు రంపం కూడ గుర్తుకు వచ్చేది. నుజ్జయిన అవయవాన్ని మొదటి ఇరవైనాలుగు గంటలలోనే తొలగించాలని ఆయన వాదించాడు. ఎముకల ముక్కలతో ఉన్న కాలితో గతుకుల దారిన ప్రయాణించడం కంటె అదే క్షేమమని ఆయన నమ్మకం. 1812లో బొరొదినో యుద్ధంలో ఒక్క రోజులో సుమారు 200 అవయవాలను తొలగించాడు. మత్తుమందు లేని కాలమది. వాటిలో కొన్నింటిని నేటి వైద్యులైతే నిలబెట్టి ఉండేవారనడంలో సందేహం లేదు. ఆయన సేవించిన సైన్యం పరదేశాలను ఆక్రమించడానికి బయలుదేరిన సైన్యమన్న సంగతీ మరువరానిదే.

ఆ రష్యా దండయాత్ర ఘోరపరాజయంతో ముగిసింది. 1812 నవంబరులో, ఎముకలు కొరికే చలిలో, తిరుగుముఖం పట్టిన సైన్యం బెరెజినా నదిని దాటవలసి వచ్చింది. ఉన్నవి హడావిడిగా కట్టిన కొయ్యవంతెనలు. వెనుక శత్రువుల ఫిరంగులు. వేలాదిమంది ఒకరిపై ఒకరు పడి తొక్కుకొంటున్నారు. అప్పటికే నది దాటిన లారే, క్షతగాత్రుల కోసం, శస్త్రపరికరాల కోసం తిరిగి వెనుకకు వచ్చాడు. మళ్లీ దాటబోతూ జనసమ్మర్దంలో నలిగి ప్రాణాపాయంలో పడ్డాడు. ఇంతలో ఎవరో ఆయనను గుర్తుపట్టారు. పేరు ఒక నోటి నుండి మరొక నోటికి పాకింది. ఎవరి ప్రాణం వారికి తీపైన ఆ ఘడియలో సైనికులు ఆయనను ఎత్తి, ఒకరి చేతుల మీదుగా మరొకరికి అందిస్తూ నది దాటించారు. జీవితమంతా ఇతరులను భద్రంగా మోయించిన మనిషిని ఆనాడు ఆ చేతులు భద్రంగా మోశాయి.

1815లో వాటర్లూ యుద్ధంలో లారే గాయపడి ప్రష్యా సైనికులకు చిక్కాడు. కాల్చివేయడానికి సిద్ధపడిన తరుణంలో, బెర్లిన్‌లో ఆయన ఉపన్యాసాలు విన్న ఒక వైద్యుడు గుర్తించి అడ్డుపడ్డాడు. ప్రష్యా సేనాని బ్లూషర్ కుమారునికి పూర్వం లారే చికిత్స చేసి ఉన్నాడు. బ్లూషర్ ఆయనను గౌరవించి పంపివేశాడు. నెపోలియన్ తన వీలునామాలో, తానెరిగినవారిలో లారేయే అత్యంత సద్గుణవంతుడని పేర్కొని లక్ష ఫ్రాంకులు కేటాయించాడు.

1842లో, డెబ్బైయారేళ్ల వయసులో, లారే అల్జీరియాలోని సైనిక వైద్యశాలలను తనిఖీ చేయడానికి వెళ్లాడు. తిరుగుప్రయాణంలో జబ్బుపడి జూలై 25వ తేదీన లియోన్ నగరంలో మరణించాడు. చిత్రకారిణి అయిన ఆయన భార్య మూడు రోజుల ముందే కన్నుమూసింది. ఆయన భౌతికకాయాన్ని పారిస్‌లోని ఒక శ్మశానవాటికలో ఖననం చేశారు. నూటయాభై ఏళ్ల తరువాత, 1992లో, ఆయన అవశేషాలను గాయపడిన, వికలాంగులైన సైనికుల నిమిత్తం నిర్మించిన ఇన్వలీద్ ప్రాంగణానికి తరలించారు. ఆయన ఒకప్పుడు ప్రధాన శస్త్రవైద్యునిగా పనిచేసిన చోటు అదే.