కూడుకొనే హక్కు కోసం చెరసాలకు వెళ్లిన కాపరి: యోహాన్ గెర్హార్డ్ ఒంకెన్



కేరీ గారిని గూర్చి, జడ్సన్ గారిని గూర్చి, మన క్లౌ దొరగారిని గూర్చి మన సండేస్కూలు పిల్లలు కూడా నాలుగు మాటలు చెప్పగలరు. ఐరోపా ఖండములోని బాప్తిస్టులకు ఒంకెన్ గారి పేరు అంతగా తెలిసినది. జర్మనీ సంఘాలకే కాదు, డెన్మార్కు, స్వీడను సంఘాల పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉన్నది. పదిమంది ఒక ఇంట చేరి రొట్టె విరుచుట నేరమైన రోజులలో ఆయన ఏమి చేశారు, ఆయన పక్షాన ఎవరు నిలిచారు, ఆ హక్కు ఒక్కో దేశములో ఎట్లా దక్కింది అన్నది ఈ సంచికలో వ్రాయదలచాము. సొంత రాష్ట్రము విడిచి వచ్చి, పరభాషా ప్రాంతములో తెలుగు సంఘాలు కట్టుకొన్న మనకు ఇది దూరపు కథ కాదు.

ఒంకెన్ గారు 1800 జనవరి 26న ఉత్తర జర్మనీలోని ఫారెల్ అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి ముఖం చూసి ఎరుగరు. పద్నాలుగేళ్ల ప్రాయములో స్కాట్లండు వర్తకుడొకాయన ఆయనను పనికి పెట్టుకొని తన దేశానికి తీసుకొనిపోయాడు. ఆ కుర్రవానికి బైబిలు లేదని తెలిసి ఒకటి కొనిచ్చింది కూడా ఆ వర్తకుడేనని చెబుతారు. తరువాత కొన్నేండ్లకు లండనులో ఒక మెథడిస్టు ఆలయములో ప్రసంగము విని ఆయన మారుమనస్సు పొందారు. బ్రతుకుతెరువుకు ఊరు విడిచిన పిల్లవాడు పరాయి దేశములో ప్రభువును కనుగొన్నాడు. మన తాతముత్తాతలలో కొందరి కథ కూడా ఇదే కదా!

1823లో ఆయన సువార్తికునిగా హాంబర్గు పట్టణానికి తిరిగి వచ్చారు. హాంబర్గు అప్పట్లో ఏ రాజు క్రిందా లేని స్వతంత్ర నగరము. దాని పాలన సెనేటు అనే పెద్దల సభది. పట్టణపు అధికార మతము లూథరన్ మతము. లూథరన్ ఇంట పుట్టిన బిడ్డకు ఆ సంఘములోనే బాప్తిస్మము, ఆ పుస్తకములోనే పేరు. ఒంకెన్ గారు 1825లో ఒక లూథరన్ పాస్టరుతో కలిసి సండేస్కూలు ప్రారంభించారు. 1828లో నగర పౌరసత్వము తీసుకొని పుస్తకాల దుకాణము పెట్టారు. ఎడింబరో బైబిలు సొసైటీ తరఫున లేఖనాలు పంచారు. ఓడరేవు కూలీలకు, నావికులకు, పనిమనుషులకు ఇళ్లలో వాక్యము చెప్పారు.

ఈ మధ్యలో లేఖనాలు చదువుతూ ఉండగా, విశ్వసించినవారికే బాప్తిస్మము అన్న నిశ్చయము ఆయనకు కలిగింది. తన బిడ్డకు శిశు బాప్తిస్మము ఇప్పించలేదు. కాని ఆయనకు బాప్తిస్మమిచ్చేవారు ఎవరు? నీకు నీవే ఇచ్చుకో అని ఒక స్నేహితుడు సలహా ఇచ్చినా అందుకు ఒప్పుకొనక, ఏండ్ల తరబడి కనిపెట్టుకొని ఉన్నారు. ఒక చలికాలము ఎల్బే నది గడ్డకట్టి అమెరికా ఓడ ఒకటి హాంబర్గులో చిక్కుకొనిపోయింది. దాని కెప్టెను టబ్స్ బాప్తిస్టు విశ్వాసి. ఆయన ఒంకెన్ ఇంట ఉండి, తిరిగి వెళ్లిన తరువాత ఈ సంగతి అమెరికాలోని సంఘాలకు చెప్పారు. జర్మనీలో చదువుకొనుటకు వచ్చిన బార్నస్ సియర్స్ అనే అమెరికా ఆచార్యుడు 1834 ఏప్రిల్ 22న, చీకటి పడిన తరువాత, ఒంకెన్ గారికి, ఆయన భార్య సారా గారికి, మరి ఐదుగురికి ఎల్బే నదిలో బాప్తిస్మమిచ్చారు. మరునాడు ఆ ఏడుగురితో సంఘము ఏర్పడింది. ఒంకెన్ గారు కాపరి అయ్యారు.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క పగటిలో 2,222 మందికి జరిగిన బాప్తిస్మముల సంగతి వింటూ పెరిగిన మనకు, ఏడుగురు చీకటిలో నదికి వెళ్లవలసి రావడం వింతగా తోచవచ్చు. ఇంకొక విశేషము. అమెరికా బాప్తిస్టు విదేశీ మిషను బోర్డు ఒంకెన్ గారిని తమ మిషనరీగా నియమించినది 1835లో. అదే బోర్డు తెలుగువారి కొరకు శామ్యూల్ డే గారిని ఓడ ఎక్కించినదీ అదే సంవత్సరము. ఆ తరము అమెరికా సంఘాల కానుకలు ఒకవైపు నెల్లూరుకూ, మరొకవైపు హాంబర్గుకూ వెళ్లాయన్నమాట.

తరువాతి కొన్నేండ్లలో సంఘము పెరిగింది. దానితోపాటు పోలీసుల కన్నూ పడింది. కూడికలు మానవలెనని సెనేటు ఉత్తర్వు చేసింది. 1840 మే నెలలో ఒంకెన్ గారిని అరెస్టు చేసి, కాలువ ఒడ్డున ఉన్న జైలులో నాలుగు వారాలు ఉంచారు. విడుదలైన తరువాత ఖర్చుల క్రింద ఇంటి సామాను జప్తు చేశారు. ఆయన దొంగతనము చేయలేదు, తిరుగుబాటు చేయలేదు. అనుమతి లేని మతకూటమిలో ప్రసంగించి, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము ఇవ్వడమే ఆయనపై మోపిన నేరము.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెనని మా మనవి. కూడుకొనడం వేరు, సంఘముగా ఏర్పడడం వేరు. కూడికను దాచవచ్చు. హాంబర్గు విశ్వాసులు చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఇళ్లలో చేరారు. ఒక ఇంటికి పోలీసులు వస్తే ఇంకో ఇల్లు. కాని సంఘమునకు సభ్యుల రిజిస్టరు కావాలి, కోశాధికారి కావాలి, ఆలయానికి స్థలము కావాలి, పెండ్లి చేసినా సమాధి చేసినా చెల్లుబాటు కావాలి. ప్రభుత్వ గుర్తింపు లేని గుంపు పేరున గజం భూమి కూడా ఉండదు. మన సంఘాలలో సొసైటీ రిజిస్ట్రేషను కాగితాల కోసము తిరిగిన పెద్దలకు ఈ తేడా వేరుగా చెప్పనక్కరలేదు.

ఒంకెన్ గారు జైలుకు వెళ్లారన్న వార్త సముద్రాలు దాటింది. ఇంగ్లండు, అమెరికా బాప్తిస్టులు హాంబర్గు సెనేటుకు విజ్ఞాపనలు పంపారు. ఒక నగరము తన పౌరులను ఎట్లా చూస్తున్నదో అడిగే అధికారము బయటివారికి ఆనాడు ఏ ఒప్పందమూ ఇవ్వలేదు. అయినా అడిగారు. వర్తకము మీద బ్రతికే రేవుపట్టణము విదేశాలలో తన పేరు చెడిపోవడం అంత తేలికగా తీసుకొనలేదని మేము అనుకుంటాము.

అయితే సెనేటు మనసు కొంత మెత్తబడింది విజ్ఞాపనల వలన మాత్రమే కాదు. 1842 మే 5న హాంబర్గులో నిప్పంటుకొని మూడు రోజులు కాలింది. పట్టణములో పెద్ద భాగము బూడిదైంది, సుమారు 20,000 మంది నిలువనీడ లేనివారయ్యారు. సంఘము ఆ మధ్యనే ఆరాధనకని ఒక గిడ్డంగి అద్దెకు తీసుకొని ఉన్నది. దానిని నిరాశ్రయుల కోసము వాడుకొమ్మని ఒంకెన్ గారు అధికారులకు తెలియజేశారు. అధికారులు ఒప్పుకొన్నారు. ఇల్లు కాలినవారు నెలల తరబడి అక్కడ తలదాచుకొన్నారు, సంఘస్థులు వారికి అన్నవస్త్రాలు చూశారు. అప్పటినుండి జనము వారిని చూసే చూపు మారింది. చట్టము మాత్రము మారలేదు. 1843లో ఆయనను మళ్లీ కొద్దిరోజులు జైలులో పెట్టారు.

డెన్మార్కులో కష్టము ఇంకా ఎక్కువ. ఒంకెన్ గారూ, ఆయన సహకారి యూలియస్ కోబ్నర్ గారూ 1839లో కోపెన్‌హేగను వెళ్లి మొదటి సంఘమును స్థాపించారు. కోబ్నర్ గారు డెన్మార్కులో యూదుల ఇంట పుట్టి క్రీస్తును నమ్మినవారు. అక్కడి కాపరి పీటర్ మోన్‌స్టర్ గారు ఒకసారి కాదు, పలుమార్లు జైలుకు వెళ్లారు. బాప్తిస్టుల పసిబిడ్డలను తల్లిదండ్రుల ఇష్టము లేకుండా తీసుకొనిపోయి అధికార సంఘములో బాప్తిస్మమిప్పించారు. 1841లో ఇంగ్లండు నుండి ఎలిజబెత్ ఫ్రై గారు, ఆమె తమ్ముడు జోసెఫ్ జాన్ గర్నీ గారు వెళ్లి డెన్మార్కు రాజును కలిసి బాప్తిస్టుల కొరకు మనవి చేశారు. వీరిద్దరూ బాప్తిస్టులు కారు, క్వేకర్లు. క్వేకర్లు నీటి బాప్తిస్మము పాటించనే పాటించరు. తాము నమ్మని ఆచారము కోసము జైలులో ఉన్నవారి పక్షాన రాజు ముందు నిలిచారు. ఈ కథ అంతటిలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము ఇదే. డెన్మార్కులో చివరకు 1849 రాజ్యాంగముతో మతస్వేచ్ఛ వచ్చింది.

స్వీడనులో 1726 నుండి ఒక చట్టమే ఉండేది. లూథరన్ గురువు లేకుండా, ఇంటివారు కానివారు చేరి వాక్యధ్యానము చేసుకొనరాదు. నావికుడైన ఎఫ్. ఓ. నిల్సన్ గారు 1847లో హాంబర్గు వచ్చి ఒంకెన్ గారి చేత బాప్తిస్మము పొంది, 1848లో స్వీడనులో మొదటి బాప్తిస్టు సంఘమును కూర్చారు. 1850లో న్యాయస్థానము ఆయనకు దేశబహిష్కారము విధించింది. ఆ చట్టము 1858లో రద్దయింది. నిల్సన్ గారు క్షమాపణ పొంది స్వదేశము చేరారు.

1848లో జర్మనీ అంతటా ప్రజలు లేచి రాజ్యాంగాలు కోరారు. ఫ్రాంక్‌ఫర్టులో చేరిన ప్రజాప్రతినిధుల సభ ప్రకటించిన ప్రాథమిక హక్కులలో ఆయుధాలు లేకుండా శాంతముగా కూడుకొనే హక్కు, సంఘాలు పెట్టుకొనే హక్కు ఉన్నాయి. ఆ సంవత్సరమే కోబ్నర్ గారు జర్మను ప్రజలకు ఒక ప్రకటన అచ్చువేశారు. అందులో ఆయన బాప్తిస్టులకు మాత్రమే స్వేచ్ఛ కోరలేదు. యూదులకు, మహమ్మదీయులకు, అందరికీ కోరారు. మనకు మాత్రమే మినహాయింపు అడిగితే అది హక్కు కాదు, దయ. ఒకరి దయ ఇంకొక రోజు తీసివేయవచ్చు. ఫ్రాంక్‌ఫర్టు హక్కులను రాజులు 1851లోనే రద్దు చేశారు. అయినా ఆ స్వేచ్ఛ దొరికిన కొద్దికాలములోనే, 1849 జనవరిలో, జర్మనీ, డెన్మార్కు సంఘాలు హాంబర్గులో కూడి ఒక యూనియనుగా ఏర్పడ్డాయి.

సరిగ్గా నూరేండ్లకు, 1948లో, ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటన 20వ అధికరణములో ఈ రెండు హక్కులనూ చేర్చింది. ఎవరినీ బలవంతముగా ఏ సంఘములోనూ చేర్చరాదని కూడా అక్కడే ఉన్నది. హాంబర్గులో పుట్టగానే పుస్తకానికెక్కిన బిడ్డలను తలచుకొంటే ఆ వాక్యము ఎందుకో తెలుస్తుంది. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 21వ అధికరణములో కూడుకొనడాన్ని, 22వ దానిలో సంఘముగా ఏర్పడడాన్ని విడివిడిగా చెప్పింది. భారతదేశము 1979లో అందులో చేరింది. ఏ దేశములోనైనా ఈ హక్కులకు భంగము కలిగితే విచారించుటకు 2010లో మానవ హక్కుల మండలి ఒక ప్రత్యేక ప్రతినిధి పదవిని ఏర్పరచింది. మన రాజ్యాంగము 19వ అధికరణము పౌరులకు ఈ రెండూ ఇచ్చి, దేశములో ఎక్కడైనా స్థిరపడే హక్కు కూడా ఇచ్చింది. కన్నడసీమలోనో ఒడిశాలోనో తెలుగు సంఘము రిజిస్టరు చేయించుకొంటున్నామంటే ఈ మూడు హక్కుల మీదనే.

హాంబర్గు సెనేటు 1858లో ఒంకెన్ గారి సంఘమును చట్టరీత్యా గుర్తించింది. నదిలో చీకటి బాప్తిస్మము జరిగి అప్పటికి ఇరవై నాలుగేండ్లు. 1867లో వారి స్వంత ఆలయము తెరచినపుడు లండను నుండి స్పర్జన్ గారు వచ్చి ప్రసంగించారు.

ఇంత చేసిన మనిషి చివరి రోజులలోని ఒక బాధాకరమైన సంగతి కూడా వ్రాయాలి. హాంబర్గు ప్రక్కనే ఆల్టోనా అనే ఊరు ఉండేది (ఇప్పుడది హాంబర్గులో భాగము). అక్కడి సభ్యులు 1871లో హాంబర్గు సంఘము నుండి వేరై తమదే స్వతంత్ర సంఘమని ప్రకటించుకొన్నారు. ఒంకెన్ గారు ఒప్పుకొనలేదు. శాఖలన్నీ తల్లి సంఘము క్రిందనే ఉండవలెనని ఆయన పట్టుదల. పాత సహచరుడు కోబ్నర్ గారు సైతం ఈ విషయములో ఆయనతో ఏకీభవించలేదు. తగవు 1876 వరకు సాగింది. అనుమతి లేకుండా సంఘము పెట్టినందుకు జైలుకు వెళ్లిన కాపరి, తన అనుమతి లేకుండా సంఘము పెట్టినవారిని సహించలేకపోయారు. ఆయన గొప్పతనము దీనివలన తగ్గదు గాని, ఇందులో ఆల్టోనావారిదే న్యాయమని మా అభిప్రాయము. తల్లి సంఘము, శాఖ సంఘము తగవులు మన మధ్య కూడా లేకపోలేదు.

ఒంకెన్ గారు జబ్బుపడి జూరిచ్ పట్టణములో 1884 జనవరి 2న ప్రభువునందు నిద్రించారు. హాంబర్గులో సమాధి చేశారు.

ఆయన 1869లో దక్షిణ రష్యాకు (ఇప్పటి ఉక్రెయిను) వెళ్లి, అక్కడి మెన్నొనైట్ బ్రదరెన్ విశ్వాసులలో అబ్రహాం ఉంగర్ అనే పెద్దకు అభిషేకమిచ్చారు. ఆ బ్రదరెన్ సంఘాలనుండే అబ్రహాం ఫ్రీసెన్ అనే యువకుడు హాంబర్గు బాప్తిస్టు సెమినరీకి వచ్చి చదువుకొన్నారు. 1889లో భార్య మరియ గారితో కలిసి అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషనులో చేరి, నల్గొండలో సేవ మొదలుపెట్టారు. నల్గొండ నుండి వలసవచ్చిన మన కుటుంబాలలో కొందరు వారి పరిచర్య వలన ప్రభువును ఎరిగినవారి వంశస్థులే.